టోకుగావా ఇయెయాసు నిజంగా మినమోటో వంశస్థుడేనా? సమురాయ్ వంశవృక్షాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. 1603లో జపాన్ షోగున్ (సైనిక పాలకుడు) అయిన ఇయెయాసును ఒక పుస్తకంలో మట్సుదైరా అని, ఇంకోచోట టోకుగావా అని, మరోచోట మినమోటో నో ఇయెయాసు అని రాస్తున్నారు. అతనిది నిజంగా మినమోటో రక్తమేనా? హోజో పేరుతో రెండు వంశాలు కనిపిస్తున్నాయి, అవి ఒకటేనా? క్యూషూ దీవిని ఏలిన షిమాజు వాళ్లు మొదటి కమకురా షోగున్ మినమోటో నో యొరిటోమో కొడుకు సంతతి అంటారు, అది నిజమా? చివరగా, తనది సమురాయ్ వంశమని చెబుతున్న మీ జపనీస్ సహోద్యోగి మాటను తేల్చుకునే దారి ఏమైనా ఉందా?

ముందు జవాబులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇయెయాసు మినమోటో రక్తమని చూపే సమకాలీన ఆధారం లేదు. రెండు హోజోలకూ సంబంధం లేదు. షిమాజు కథ ఆ వంశం మొదలైన చాలాకాలానికి పుట్టింది. మీ సహోద్యోగి విషయం తేల్చుకోవచ్చు, కానీ ఇంటిపేరు చూసో కుటుంబ చిహ్నం చూసో మాత్రం కాదు.

ఇంత చదివి 'అయితే అంతా బూటకమే' అనుకోకండి. సమురాయ్ వంశవృక్షం ఒక ఇంటి లెక్క. ఆ ఇంటి పేరు, భూమి, పదవి, పూర్వీకుల పూజాధికారం ఎవరి నుంచి ఎవరికి వచ్చాయో అది చెబుతుంది. ఈ విషయంలో, ముఖ్యంగా 1600 తర్వాతి భాగంలో, చాలా వృక్షాలు నమ్మదగినవే. వాటిని రక్తసంబంధాల పట్టికగా చదవబోతేనే బోర్లాపడతాం.

ముందు పేరును విడదీయండి

ఇయెయాసు పూర్తి లాంఛన నామం ఇలా ఉంటుంది: టోకుగావా జిరోసబురో మినమోటో నో అసోన్ ఇయెయాసు. ఇందులో టోకుగావా అన్నది మ్యోజి, అంటే ఇంటిపేరు. జిరోసబురో నలుగురూ పిలిచే వాడుక పేరు. మినమోటో అన్నది సెయ్, అంటే వంశనామం. అసోన్ ఆ వంశానికి చక్రవర్తి ఆస్థానంలో ఉన్న అంతస్తు. చివరిది సొంత పేరు. పెద్దమనిషిని ఆ పేరుతో ముఖాముఖి పిలవడం అమర్యాద.

మనకు గోత్రం వేరు, ఇంటిపేరు వేరు. అక్కడ సెయ్, మ్యోజి అలాంటి రెండు పొరలే. పోలిక అక్కడితో ఆగుతుంది. సెయ్ అనేది చక్రవర్తి ఇచ్చేది, ఇవ్వాలనుకుంటే కొత్తది కూడా పుట్టించగలడు. ఒకే సెయ్ వాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న నియమమూ లేదు.

పెద్ద సెయ్‌లు నాలుగు: మినమోటో, టైరా, ఫుజివారా, టాచిబానా. ఫుజివారా పేరు 669లో నకటోమి నో కమటారికి దక్కింది. మినమోటో పేరును 814లో సాగా చక్రవర్తి తన పిల్లల్లో కొందరికి ఇచ్చి రాజకుటుంబం నుంచి బయటికి పంపాడు. ఆ తర్వాత వేరే చక్రవర్తుల సంతానానికీ అదే పేరు వచ్చింది. కాబట్టి 'మినమోటో' అన్నంత మాత్రాన ఒక్క వంశం కాదు. ఏ చక్రవర్తి శాఖో చూడాలి. యుద్ధాల చరిత్రలో మీకు కనబడేది ఎక్కువగా సెయ్‌వా చక్రవర్తి శాఖ. టైరాల్లో ముఖ్యమైన శాఖ కమ్ము చక్రవర్తి సంతతిది, ఆ శాఖకు చెందిన టకామోచికి 889లో ఆ పేరు దక్కింది.

ఇంటిపేర్లు ఎక్కువగా భూమి నుంచి వచ్చాయి. సెయ్‌వా శాఖలో మినమోటో నో యొషిఇయె (1039–1106) ప్రసిద్ధ యోధుడు. అతని కొడుకు యొషికుని. యొషికునికి ఇద్దరు కొడుకులు. ఒకరు నిట్టా భూముల్లో స్థిరపడి నిట్టా అయ్యారు, ఇంకొకరు అషికాగా భూముల్లో ఉండి అషికాగా అయ్యారు. ఇంటిపేర్లు వేరైనా ఇద్దరి సెయ్ మినమోటోనే.

చదివేటప్పుడు పనికొచ్చే చిన్న గుర్తు ఒకటుంది. సెయ్ తర్వాత 'నో' వస్తుంది: మినమోటో నో యొరిటోమో, టైరా నో కియొమోరి. ఇంటిపేరు తర్వాత రాదు: అషికాగా టకాఉజి, ఓడా నొబునాగా. టొయొటోమి హిదెయోషి మినహాయింపులా కనిపిస్తాడు కానీ, టొయొటోమి నిజానికి సెయ్. అతని ఇంటిపేరు హషిబా.

ఆడవాళ్ల విషయంలో ఇంకో తికమక ఉంది. పెళ్లయినా పుట్టింటి సెయ్ మారదు. యొరిటోమో భార్య మసాకో పుట్టింటి వైపున టైరా, చివరిదాకా టైరానే. వృక్షంలో మాత్రం చాలామంది స్త్రీల స్థానంలో 'కూతురు' అన్న మాట తప్ప పేరే ఉండదు. మురసాకి షికిబు అంతటి రచయిత్రి సొంత పేరు కూడా వంశవృక్షాల ద్వారా మనకు అందలేదు. తల్లి వైపు సంబంధాలు తెలియాలంటే వృక్షాన్ని వదిలేసి ఉత్తరాలు, దినచర్యలు, గుడి దస్తావేజులు పట్టుకోవాలి.

ఇయెయాసు మినమోటో ఎలా అయ్యాడు

అతను పుట్టింది మికావా ప్రాంతపు మట్సుదైరా ఇంట్లో. ఇంటి వృక్షం మొదటి పెద్ద చికాఉజి నుంచి ఇయెయాసు దాకా తొమ్మిది తరాలు చూపిస్తుంది. మూడో తరం నొబుమిత్సు పదిహేనో శతాబ్దపు దస్తావేజుల్లో కనిపిస్తాడు. మొదటి ఇద్దరి గురించి మిగిలినవి ఎక్కువగా కథలే. దేశదిమ్మరి సన్యాసిగా వచ్చిన చికాఉజి మట్సుదైరా ఊళ్లో ఇల్లరికం ఉండిపోయాడని, అతను నిట్టా శాఖలోని టోకుగావా అనే ఇంటివాడని ఆ కథ. అతుకు పడింది సరిగ్గా ఇక్కడే. కింద మికావాలో ఉన్న నిజమైన ఇల్లు, పైన కోజుకే ప్రాంతంలో ఉన్న నిజమైన నిట్టా శాఖ. రెంటినీ కలిపే మనిషికి మాత్రం అప్పటి పత్రం ఒక్కటీ లేదు.

యువకుడిగా ఇతని పేరు మోటోయాసు. అందులో 'మోటో' తన మీద పెత్తనం చేసే ఇమగావా యొషిమోటో ఇచ్చిన అక్షరం. 1560లో ఒకెహజామా యుద్ధంలో యొషిమోటో చనిపోయాక, 1563లో ఆ అక్షరాన్ని వదిలేసి ఇయెయాసు అయ్యాడు. తర్వాత మికావా అధిపతి అనే ఆస్థాన పదవి కావలసి వచ్చింది. మట్సుదైరాలకు అలాంటి పదవి ఇచ్చిన పూర్వాచారం లేదని ఓగిమాచి చక్రవర్తి ఒప్పుకోలేదు. అప్పుడు పెద్ద ఫుజివారా ప్రభువు కొనోయె సకిహిసా మధ్యవర్తిగా దిగాడు. యొషిదా కనెమిగి అనే ఆస్థాన పూజారి మరో ప్రభువు ఇంట్లోని పాత రికార్డుల్లో ఒక పూర్వాచారం 'కనిపెట్టి' చేతిలో ఉన్న పలుచని కాగితం మీద ఎత్తి రాసుకొచ్చాడు. మినమోటోకు చెందిన టోకుగావాల్లో ఒక శాఖ ఫుజివారాగా మారిందన్నది దాని సారం. దాంతో పని అయింది. 1566 చివర్లో ఇతను టోకుగావా అయ్యాడు, అదీ ఫుజివారా సెయ్‌తో!

ఇదంతా మనకు తెలిసింది సకిహిసా 1602లో కొడుక్కి రాసిన ఉత్తరం వల్ల. 1603లో షోగున్ పదవి తీసుకునేనాటికి ఇయెయాసు మళ్లీ మినమోటో. ఇంతకన్నా బాగా నమోదైన వంశ మార్పిడి నాకు తెలిసి లేదు.

ఇందులో ఇయెయాసు ఒక్కడే ఏమీ కాదు. నొబునాగా 1549 నాటి పత్రంలో ఫుజివారా నొబునాగా అని సంతకం చేశాడు, తర్వాత టైరా అన్నాడు. హిదెయోషి మొదట టైరా అని చెప్పుకుని, 1585లో కంపకు (చక్రవర్తి ప్రధాన ప్రతినిధి) పదవి కోసం అదే కొనోయె సకిహిసాకు పేరుకు కొడుకై ఫుజివారా అయ్యాడు. కొద్దికాలంలోనే టొయొటోమి అనే కొత్త సెయ్ తెచ్చుకుని, దాన్ని తన కిందివాళ్లకు విరివిగా పంచాడు.

షోగున్ కావాలంటే మినమోటో రక్తం తప్పనిసరి అనే మాట మీరు చాలాచోట్ల చదివి ఉంటారు. అది తప్పు. షోగున్ల మొదటి పాలనాకేంద్రం కమకురా. అక్కడి షోగున్లు తొమ్మిది మంది. మొదటి ముగ్గురే మినమోటోలు. 1219లో మూడో షోగున్ సనెటోమో హత్యతో యొరిటోమో వంశంలో షోగున్ పదవి ఆగిపోయింది. తర్వాతి ఇద్దరు ఫుజివారాల కుజో ఇంటివాళ్లు, ఆ తర్వాత వచ్చినవాళ్లు రాజకుమారులు. మినమోటో పేరు ఉంటే గౌరవం పెరిగేది, అంతే.

రెండు హోజోలు

కమకురాలో అధికారం నడిపిన హోజో ఇల్లు 1333లో కూలిపోయింది. రెండోది తర్వాత వచ్చిన ఒదవారా హోజోల ఇల్లు, దాని మూలపురుషుడు ఇసె సోజుయి. అతనిది బిచ్చూ ప్రాంతపు ఇసె కుటుంబం. చాలా పుస్తకాలు అతన్ని 'హోజో సోఉన్' అంటాయి గానీ బతికుండగా అతనికి ఆ ఇంటిపేరు లేదు. అతని కొడుకు ఉజిత్సునా 1523 ప్రాంతంలో ఇంటిపేరును హోజోగా మార్చాడు. సగామి ప్రాంతాన్ని ఏలాలంటే బయటి నుంచి వచ్చిన ఇసె కన్నా ఒకప్పుడు అక్కడే ఏలిన హోజో పేరు బరువైనది. పాత హోజోల మూడు త్రిభుజాల చిహ్నాన్నీ వాడుకున్నారు.

పేర్లు చూస్తేనే తేడా తెలిసిపోతుంది. పాతవాళ్లు టొకిమాసా, యొషిటోకి, యసుటోకి, టొకియోరి, టొకిమునె. ప్రతి పేరులోనూ 'టోకి' ఉంది. ఒదవారా వాళ్లు ఉజిత్సునా, ఉజియాసు, ఉజిమాసా, ఉజినావో. ఇక్కడ 'ఉజి'. ఇలా తరతరాలూ వాడే అక్షరాన్ని త్సూజి అంటారు. టైరా నో కియొమోరి వాళ్లకు 'మోరి', ఓడాలకు 'నొబు', టోకుగావాలకు 'ఇయె'. వృక్షంలో ఏడెనిమిది తరాలు ఒకే అక్షరం నడిచి, హఠాత్తుగా అది మాయమైతే అక్కడ ఆగండి. దత్తతో, శాఖ మార్పో, అతుకో ఏదో ఒకటి ఉంటుంది.

ఈ పరీక్షలోనూ ఒక మోసం ఉంది. పై అధికారి తన పేరులో ఒక అక్షరాన్ని కిందివాడికి బహుమతిగా ఇచ్చేవాడు. షోగున్ అషికాగా యొషిటెరు నుంచి 'టెరు' అందుకున్నవాళ్లలో ఉయెసుగి టెరుటోరా, డాటే టెరుమునె, మోరి టెరుమోటో ఉన్నారు. ముగ్గురికీ చుట్టరికం లేదు. పేరులో మొదటి అక్షరం ప్రభువు దగ్గరి నుంచి, రెండోది ఇంటి నుంచి వచ్చి ఉండొచ్చని గుర్తుపెట్టుకోండి. టకెదా హరునొబు (షింగెన్) పేరులో 'హరు' షోగున్ యొషిహరుది, 'నొబు' ఇంటిది.

దత్తత: వృక్షంలో అసలు కీలకం

ఇల్లు నిలవడం ముఖ్యం, రక్తం తర్వాత. దీనికి ఉయెసుగి ఇంటిని మించిన ఉదాహరణ దొరకదు. కాస్త నిదానంగా చూద్దాం.

ఉయెసుగిలు ఫుజివారా సెయ్ వాళ్లు. 1561లో ఉయెసుగి నొరిమాసా తన ఇంటిపేరునూ, కాంటో కాన్‌రెయ్ అనే పదవినీ నగావో కగెటోరాకు అప్పగించాడు. ఈ కగెటోరానే తర్వాత కెన్షిన్ అని ప్రసిద్ధుడయ్యాడు. నగావోలు తమను టైరాలుగా చెప్పుకునేవాళ్లు. కెన్షిన్‌కు పిల్లల్లేరు. ఇద్దర్ని దత్తత తీసుకుని, 1578లో వారసుడెవరో తేల్చకుండానే పోయాడు. అక్క కొడుకు కగెకాత్సు, ఒదవారా హోజోల నుంచి వచ్చిన కగెటోరా (ఇది కెన్షిన్ పాత పేరే) కొట్టుకున్నారు. కగెకాత్సు గెలిచాడు. ఇయెయాసు పక్షం గెలిచిన సెకిగహారా యుద్ధం తర్వాత, 1601లో, అతని రాబడి 12 లక్షల కొకుల నుంచి యొనెజావాలో 3 లక్షల కొకులకు పడిపోయింది. ఒక కొకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం.

1664లో కగెకాత్సు మనవడు త్సునకాత్సు వారసుణ్ణి ప్రకటించకుండా చిన్న వయసులోనే చనిపోయాడు. నియమం ప్రకారం ఇల్లు రద్దు కావాలి. త్సునకాత్సు చెల్లెలు కిరా యొషినాకా భార్య. నలభై ఏడుగురు రోనిన్ల (ప్రభువు లేని సమురాయ్‌ల) కథలో హతమయ్యే కిరా ఇతనే. త్సునకాత్సు మొదటి భార్య తండ్రి హొషినా మసయుకి షోగునేట్‌లో, అంటే షోగున్ ప్రభుత్వంలో, పెద్ద తలకాయ. అతని చొరవతో కిరా పసికందు కొడుకును ఉయెసుగి వారసుడిగా ఒప్పుకున్నారు. శిక్షగా 3 లక్షల కొకులు లక్షన్నర అయ్యాయి. ఈ బాలుడు త్సునానొరి. కిరాలు అషికాగా శాఖ, అంటే మినమోటోలు. తమాషా ఏమిటంటే, తర్వాత కిరా ఇంటికి వారసుడు కరువైతే త్సునానొరి తన కొడుకును తిరిగి అక్కడికి దత్తతు పంపాడు.

ఇంకా ఉంది. యొనెజావా ఆర్థిక స్థితిని చక్కదిద్దినవాడిగా పేరున్న ఉయెసుగి హరునొరి (1751–1822), అంటే యోజాన్, పుట్టింది క్యూషూలోని అకిజుకి ఇంట్లో. అతని అమ్మమ్మ త్సునానొరి కూతురు. ఆ చుట్టరికంతో, ఉయెసుగి ఆడపిల్లకు కాబోయే భర్తగా వచ్చి వారసుడయ్యాడు. ఇలా ఫుజివారా పేరు కింద మగవైపు రక్తం టైరా నగావో, మినమోటో కిరా, అకిజుకి అంటూ మారుతూనే ఉంది. ఇల్లు మాత్రం ఒక్కటే. 'ఉయెసుగి ఇంటి తొమ్మిదో తరం యొనెజావా ప్రభువు' అన్న మాటలో అబద్ధం ఏదీ లేదు.

వృక్షంలో దత్తతను గుర్తుపట్టడం కష్టం కాదు. అచ్చయిన వృక్షాల్లో సాధారణంగా కన్నకొడుక్కి ఒంటి గీత, దత్తపుత్రుడికి జంట గీత ఉంటుంది. గద్యంలో రాసిన వంశావళుల్లో పేరు కింద 'జిత్సు వ' అని మొదలయ్యే వాక్యం వెతకండి. 'నిజానికి ఫలానావాడి కొడుకు' అని అక్కడ రాసేస్తారు. దాచిపెట్టే విషయం కాదది. దత్తతల్లోనూ రకాలున్నాయి. యోషి అంటే మామూలు వారసత్వ దత్తత. ముకోయోషి అంటే కూతుర్నిచ్చి అల్లుణ్ణే వారసుడిగా చేసుకోవడం. యూషి అంటే హోదా కోసం పేరుకు మాత్రమే కొడుకు, ఆస్తి రాదు (సకిహిసాకు హిదెయోషి ఈ రకం). మత్సుగోయోషి అంటే మరణశయ్య మీద చేసే దత్తత.

ఈ చివరి రకాన్ని షోగునేట్ మొదట్లో ఒప్పుకునేది కాదు. వారసుడు లేక రద్దయిన ఇళ్ల సమురాయ్‌లు కొలువుల్లేక ఊళ్లమీద పడ్డారు. 1651లో అలాంటివాళ్లతో షోగునేట్‌ను కూల్చాలన్న యుయి షోసెత్సు కుట్ర బయటపడింది. అదే ఏడాది 50 ఏళ్లలోపు ప్రభువులకు మరణశయ్య దత్తత అనుమతించారు. అందుకే 1651కి ముందు వృక్షాలు టపటప తెగిపోతాయి, ఆ తర్వాత సాగుతాయి. రక్తం గట్టిపడి కాదు, నియమం మారి. 1602లో పోయిన కొబయకావా హిదెయాకి ముందు కాలపు ఉదాహరణ: పుట్టింది కినొషిటా ఇంట్లో, దత్తు వెళ్లింది హిదెయోషికి, అక్కడి నుంచి కొబయకావా టకకాగెకు. ఆ టకకాగె కూడా మోరి ఇంటి నుంచి దత్తు వచ్చినవాడే. హిదెయాకికి వారసుడు లేడు, ఇల్లు మూతపడింది.

చక్రవర్తి ఆస్థానం ఉన్న క్యోటో ప్రభువుల్లోనూ ఇదే తంతు. ఫుజివారాల అయిదు పెద్ద ఇళ్లు కొనోయె, కుజో, నిజో, ఇచిజో, టకత్సుకాసా. పదిహేడో శతాబ్దం మొదట్లో కొనోయె నొబుటాదాకు వారసుడు లేక, గోయోజెయ్ చక్రవర్తికీ తన చెల్లెలికీ పుట్టిన నొబుహిరోను దత్తత తీసుకున్నాడు. అప్పటి నుంచి ఫుజివారాల మొదటి ఇల్లు మగవైపున రాజవంశమే.

వృక్షాలు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు

నమ్మకం కలిగించేది పాతదనం. 815లో పూర్తయిన షిన్సెన్ షోజిరోకు రాజధాని చుట్టుపక్కల 1,182 వంశాలను నమోదు చేసింది. పద్నాలుగో శతాబ్దం చివర్లో టోయిన్ కిన్సాదా కూర్చిన సొన్పి బున్మ్యాకు ఫుజివారా, మినమోటో, టైరా శాఖలకు ఇప్పటికీ మొదటి ఆధారం. మీరు చూస్తున్న వంశం దీనిలో ఉందంటే ఆ భాగం వరకు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, పూర్తిగా కాదు.

అసలు చిక్కు 1641తో వచ్చింది. షోగున్ ఇయెమిత్సు ప్రభుత్వం ప్రభువులనూ నేరు సేవకులనూ వంశావళులు సమర్పించమంది. 1643లో సంకలనం పూర్తయింది. యుద్ధాల కాలంలో బాహుబలంతో పైకొచ్చిన ఇళ్లకు తాత పేరు దాటి తెలియదు, కానీ పత్రంలో ఆ గడి ఖాళీగా పెట్టలేరు. దాంతో మినమోటో, ఫుజివారా మూలపురుషులు కుప్పలుగా పుట్టుకొచ్చారు. వంశావళులు అమ్మి బతికినవాళ్లూ ఉన్నారు. పదిహేడో శతాబ్దపు సవాదా గెన్నాయి ఓమి ప్రాంతపు సాసాకి వంశం పేరిట అల్లిన కల్పిత వృక్షాలు తర్వాతి చరిత్రకారుల్ని చాలాకాలం తప్పుదారి పట్టించాయి.

1799లో మొదలై 1812లో ముగిసిన రెండో సంకలనం 1,530 సంపుటాలు. దీని సంపాదకులు గట్టివాళ్లు. ఒక ఇల్లు 1643లో ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకోటి చెబితే, ఆ తేడాను ఆ ఇంటి వివరాల మొదట్లోనే రాశారు. ఏ ఇంటి గురించైనా ముందు చదవాల్సింది ఆ నాలుగు వాక్యాలే.

ఇంత శ్రమ ఎందుకంటే వంశానికి అప్పట్లో విలువ ఉంది. కిత్సురెగావా ఇల్లు చూడండి. రాబడి సుమారు 5,000 కొకులు. మామూలుగా ప్రభువు అనిపించుకోవాలంటే 10,000 ఉండాలి. అయినా అషికాగా సంతతి కాబట్టి వాళ్లకు లక్ష కొకుల ప్రభువు మర్యాద, టోకుగావా షోగున్ల రాజధాని ఎడోకు (ఇప్పటి టోక్యో) తప్పనిసరి హాజరు నుంచి మినహాయింపు.

చేత్తో పట్టుకుని చూడాల్సినవి

ఏ వృక్షం చేతికొచ్చినా ఈ వరసలో చూడండి.

మొదట తరాలు లెక్కపెట్టండి. తరానికి 25 నుంచి 30 ఏళ్లు. 1106లో పోయిన యొషిఇయె నుంచి 1560 ప్రాంతపు మనిషి దాకా 450 ఏళ్లు, అంటే 15 నుంచి 18 తరాలు రావాలి. పదే ఉంటే మధ్యలో మనుషులు లేరు. ఇరవై అయిదు ఉంటే అన్నదమ్ముల వారసత్వాన్ని తండ్రీకొడుకులుగా రాశారు.

రెండోది, ఆ వాదన మొదట ఏ ఏటి పత్రంలో కనిపించింది? పూర్వీకుడు పన్నెండో శతాబ్దం వాడు, పత్రం 1641ది అయితే, ఆ పత్రం పూర్వీకుడి గురించి చెప్పేది తక్కువ, 1641 గురించి చెప్పేది ఎక్కువ.

తేదీలు కూడా జాగ్రత్త. 1873కి ముందు జపాన్‌ది చాంద్రమాన పంచాంగం. ఇయెయాసు పుట్టింది టెన్‌బున్ 11వ ఏడు పన్నెండో నెల 26న. ఆ ఏడును 1542గా మార్చేసి ఊరుకుంటారు, నిజానికి అది 1543 జనవరి 31. టోకుగావా పేరు దక్కిన రోజూ ఇలాగే పాశ్చాత్య లెక్కలో 1567లో పడుతుంది. వయసులు పుట్టగానే ఒకటి అని మొదలవుతాయి, కాబట్టి ఒకటో రెండో తగ్గించుకోవాలి.

ఎడో కాలపు పత్రాల్లో మట్సుదైరా అని కనిపిస్తే ఇయెయాసు చుట్టమని రాసేయకండి. షోగునేట్ ఆ ఇంటిపేరును పెద్ద ప్రభువులకు గౌరవంగా ఇచ్చింది. మట్సుదైరా ముట్సు నో కామి ('ముట్సు అధిపతి' అనే బిరుదు) అంటే సెందాయ్ ప్రభువు డాటే. మట్సుదైరా కాగా నో కామి అంటే మయెదా. ఇంతమంది తప్పులో కాలేసే చోటు ఇంకోటి లేదు.

కుటుంబ చిహ్నం ఆధారం కాదు. చిహ్నాలను బహుమతిగా ఇచ్చేవారు, పెళ్లితో తెచ్చుకునేవారు, ఎడోలో వ్యాపారులు, నటులు కూడా వాడేవారు. డాటేల వెదురు-పిచ్చుకల చిహ్నం ఉయెసుగిల నుంచి వచ్చింది. పౌలోనియా ఆకు చిహ్నాన్ని హిదెయోషి ఎంతమందికి ఇచ్చాడో లెక్కే లేదు.

మీ సహోద్యోగి సంగతి

ఇంటిపేరు చూసి ఏమీ చెప్పలేం. 1870లో సామాన్యులకు ఇంటిపేరు వాడుకునే అనుమతి వచ్చింది, 1875లో అందరికీ తప్పనిసరి అయింది. సమురాయ్ కుటుంబాలు జనాభాలో నూటికి ఆరేడు మాత్రమే. కానీ ఆరేడు అంటే అరుదేమీ కాదు, ఆయన మాట నిజమే కావొచ్చు.

దారి ఇది. ఆయన తన నేరు పూర్వీకుల కొసెకి (కుటుంబ నమోదు పత్రం) పాత ప్రతులు తీసుకోవాలి. 2024 మార్చి నుంచి ఏ పురపాలక కార్యాలయంలోనైనా నేరు వరుస పూర్వీకులవి అడగొచ్చు. దొరికేవాటిలో పాతది 1886 నమూనా. అందులో 1800ల మొదట్లో పుట్టినవాళ్ల పేర్లు కూడా కనబడొచ్చు. పాత ప్రతులను ఇప్పుడు 150 ఏళ్లు ఉంచుతారు. 2010కి ముందు 80 ఏళ్లే కాబట్టి కొన్ని ఊళ్లలో పారేశారు. అంతకు ముందరి 1872 పట్టికలో కుల హోదాలు ఉండటంతో, వివక్షకు వాడారని 1968 నుంచి ఎవరికీ చూపించరు. అడిగి లాభం లేదు.

కొసెకిలో పాత ఊరు తెలిశాక, ఆ ఊరు ఏ ప్రభువు కిందిదో చూసి, ఆ రాజ్యపు బుంగెన్‌చో వెతకాలి. సేవకుల పేరు, జీతం కొకుల్లో ఉండే జాబితా అది. చాలావరకు ఆ జిల్లా గ్రంథాలయంలోనో చరిత్ర భాండాగారంలోనో ఉంటుంది. జాతీయ పార్లమెంటు గ్రంథాలయపు డిజిటల్ సంగ్రహంలో అచ్చయినవి కొన్ని ఉచితంగా దొరుకుతాయి. కొసెకిలోని ముత్తాత పేరు, బుంగెన్‌చోలోని పేరు, సమాధి రాయి మీది తేదీ మూడూ కలిస్తే సమురాయ్ ఇల్లే అని ధైర్యంగా చెప్పొచ్చు. గుడిలోని మరణాల పుస్తకం కూడా ఉపయోగమే గానీ చాలా గుళ్లు బయటివాళ్లకు చూపించవు. ఇంట్లో దొరికిన చుట్ట కాగితం సెయ్‌వా చక్రవర్తి దగ్గర మొదలైతే, దాన్ని అందరికన్నా చివర చదవండి.

ఇక షిమాజు

1185లో దక్షిణ క్యూషూలోని షిమాజు భూములకు అధికారిగా నియమితుడైన టడాహిసా ఆనాటి పత్రాల్లో కోరెమునె టడాహిసా. కోరెమునె అనేది కొనోయె ఇంటికి సేవచేసిన ఆస్థాన ఉద్యోగుల వంశం, షిమాజు భూములు కొనోయెలవే. తర్వాత ఈ ఇల్లు ఫుజివారా అని రాసుకుంది, ఆ తర్వాత మినమోటో అంది. తల్లి యొరిటోమో వల్ల గర్భవతై పారిపోయి ఒసాకాలోని సుమియోషి మందిరం దగ్గర టడాహిసాను కన్నదన్న కథ ఈ చివరి దశకు చెందింది. క్యూషూలోనే ఉన్న ఓటోమో ఇంటి మూలపురుషుడికీ యొరిటోమో రహస్య సంతానమన్న కథే ఉంది. పక్కపక్క ప్రాంతాల్లో రెండు పెద్ద ఇళ్లకు ఒకే కథ ఉంటే ఏమనుకోవాలో మీకే వదిలేస్తున్నా. అదే ఇల్లు 1185 నుంచి 1871లో రాజ్యాలు రద్దయ్యేదాకా అదే ప్రాంతంలో పాతుకుపోయి ఉందన్నదానికి మాత్రం షిమాజుల సొంత దస్తావేజులే కట్టలుగా ఉన్నాయి. వాటిని టోక్యో విశ్వవిద్యాలయపు చరిత్ర సంకలన సంస్థ భద్రపరుస్తోంది. ఆ పత్రాల్లో కోరెమునె పేరుతో ఉన్నవాటి నుంచి మొదలుపెడితే మీకు మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.